వెనక టైరు గాలి

నవంబర్ 9, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి నా పంచరు షాపు ముందు బండి ఆగి ఉంది. దాని మీద ఒక అమ్మాయి. ఒళ్లో హెల్మెట్, కాళ్లకు కరెంటు స్తంభాలెక్కేవాళ్ల మందపాటి బూట్లు.

"దాసన్న అంటే నువ్వేనా? ప్రభన్న పంపిండు."

పేరు స్వప్న. ధరూర్ పక్క ఊరు. వనపర్తిలో లైన్‌మన్ ఉద్యోగం. "ఆడదాన్నయినా లైన్‌మనే అంటరన్నా" అని నవ్వింది. వనపర్తిలో మా తమ్ముడు ప్రభుకు వర్క్‌షాపు ఉన్నప్పుడు బండి వాడి దగ్గరికే తెచ్చేదట. జనవరిలో ట్రాక్ మీద తోలడానికి పేరు ఇచ్చుకుంది. ఏ ట్రాక్ అని అడిగాను. బెంగళూరు దాటి పోవాలంది.

అదే. ప్రభూ నేనూ పోయిన ట్రాకే.

ఏ టైర్లు వేయాలో, గాలి ఎంత పెట్టాలో నన్ను అడగమన్నాడట ప్రభు. "టైర్ల సంగతి మా అన్నకు తెల్సినంత పాలమూరు మొత్తంల ఎవ్వరికి తెల్వదన్నడు."

షట్టరు తాళం కోసం జేబులన్నీ వెతికాను. చేతిలోనే ఉంది.

నవంబర్ 10

నా వల్ల కాదని చెప్పాలి. ఫోను తీశాను. పెట్టేశాను.

నవంబర్ 12

చెప్పలేదు. స్వప్న బండి షాపులో వదిలి బస్సెక్కి పోయింది.

రెండు వందల సీసీ. బాగా చూసుకుంటుంది, చైను మీద మట్టి లేదు. టైర్లు మాత్రం కంపెనీ నుంచి బండితో వచ్చినవే. వెనకది నడుమ అరిగి బల్లపరుపుగా అయింది. రోజూ వనపర్తి నుంచి పెబ్బేరు, స్తంభం నుంచి స్తంభానికి తిన్నని రోడ్డు. అంచులు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి. కొత్త టైరు మీద ఉండే రబ్బరు వెంట్రుకలు కూడా ఊడలేదు. ఈ బండిని ఎవరూ ఎప్పుడూ పక్కకు వంచలేదు.

ట్రాక్‌కు ఇవి పనికిరావు. రోడ్డు టైరు ఎక్కువకాలం నడవడానికి చేసినది, రబ్బరు గట్టి. ట్రాక్‌కు మెత్తది కావాలి. గోరు గుచ్చితే అచ్చు పడాలి. గీతలు తక్కువ, నేలను పట్టే రబ్బరు ఎక్కువ. రెండు రౌండ్లలో వేడెక్కాలి. తొందరగా అరుగుతుంది... అరగనీ.

ఇదంతా రాస్తుంటే చెయ్యి తడబడకుండా పోతోంది. నాకు వచ్చింది ఇదొక్కటే.

నవంబర్ 13

అమ్మ అడిగింది, "ఎవరిది ఆ బండి?" గిరాకీది అన్నాను. ఎందుకు తెచ్చారో చెప్పలేదు.

నవంబర్ 16, ఆదివారం

నాగర్‌కర్నూల్ పోయాను. నెల దాటింది పోక.

ప్రభు భార్య సునీత డ్యూటీకి బయల్దేరుతోంది. అక్కడి దవాఖానలో నర్సు. ఉద్యోగం అక్కడ కనుక తమ్ముణ్ణి అక్కడికే తెచ్చుకుంది. కింది పోర్షను, గడప దగ్గర చెక్కతో వాలు కట్టించారు, కుర్చీ బండి దిగడానికి. "బావా, అన్నం పెట్టుకొని తినుర్రి ఇద్దరు" అని చెప్పి పోయింది.

ప్రభు భుజాలు ఇంకా వెడల్పయ్యాయి. నడుము కింద ఏమీ లేదు – ఉన్నాయి కాళ్లు, ఉన్నట్టు లేవు. ఇప్పుడు మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తున్నాడు. బల్ల మీద విప్పిన మోటార్లు. వాటి మధ్యలో ఫోను. ఫోనులో వాడు ట్రాక్ మీద పడ్డనాటి ఆ వీడియో. హెల్మెట్‌కు పెట్టుకున్న కెమెరా తీసింది. ఇంకా చూస్తున్నాడు.

"ఈడ చూడన్నా. ఈడ. మలుపు సగం గూడ కాలే, రేస్ ఇచ్చిన. ఇంక జరసేపు ఆగాల్సింది. నేనే తొందరపడ్డ."

ఎన్నోసారి చెప్పాడో. ప్రతిసారీ నేను తలాడిస్తాను. ఇవ్వాళ కూడా ఆడించాను.

"స్వప్నకు అదే చెప్తున్న. మలుపుల రేస్ మీద చెయ్యి పెట్టకు, నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు అని. గట్లన్న నా పడుడు ఒకళ్లకు పనికొస్తది."

అన్నం తిన్నాం. పుంటికూర పప్పు.

నవంబర్ 17

ఏడాదిన్నర అయింది. ఈ నోటుబుక్కులో కూడా రాయలేదు. రాస్తాను.

పోయిన ఏడాది మే. ట్రాక్ మీద మా రెండో రోజు. లాడ్జి నుంచి ట్రాక్ దాకా ప్రభు బండి రోడ్డు మీదే తోలుకొచ్చాడు, అందుకని ముందు రోజు సాయంత్రం నేను రోడ్డు గాలి పెట్టాను. ముందు ఇరవై ఎనిమిది, వెనక ముప్పై రెండు. పొద్దున ట్రాక్ మీద తగ్గించాలి. చల్లగా ఉన్నప్పుడు ముందు ఇరవై ఐదు, వెనక ఇరవై ఆరు. తోలుతుంటే వేడికి నాలుగైదు పెరిగి అక్కడ సరిపోతుంది.

ముందు టైరు తగ్గించాను. పక్క షెడ్డతను పానా అడిగాడు. లేచి ఇచ్చాను. మాటల్లో పడ్డాం. తిరిగి వచ్చి కూర్చోలేదు. వెనకది అట్లాగే ఉంది.

మొదటి రౌండు తోలి వచ్చాడు ప్రభు. హెల్మెట్ అద్దం ఎత్తి అన్నాడు: "అన్నా, వెనక జారుతున్నట్టుంది. గాలి చూస్తవా?"

గాలి కొలిచే గేజి పెట్టెలో ఉంది. పెట్టె నాలుగు అడుగుల దూరం. అప్పుడే వాడి నంబరు పిలిచారు. బొటనవేలితో టైరు నొక్కాను. పంచరు షాపులో రోజుకు యాభైసార్లు నొక్కినట్టే.

"చూసిన. బాగుంది. పో."

పోయాడు.

నవంబర్ 18

నిన్న అంతటితో ఆపేశాను. మిగతాది.

మూడో మలుపులో వెనక చక్రం జారి, మళ్లీ ఒక్కసారిగా పట్టుకుని వాణ్ణి పైకి విసిరేసింది. నేను చూడలేదు. శబ్దం కూడా వినలేదు. అందరూ అటు పరుగెత్తుతుంటే నేనూ పరుగెత్తాను.

బండి వ్యానులో గద్వాలకు వచ్చాక ఒకరోజు షాపు మూసి, లోపల కూర్చొని వెనక టైరుకు గేజి పెట్టాను. చల్లగా ఉంది టైరు. ముప్పై ఒకటి.

ఎక్కువ గాలితో టైరు గుండ్రంగా బిగుసుకుంటుంది. నేలను తాకే చోటు తగ్గిపోతుంది. అది మా నాన్న నాకు పదేళ్లప్పుడు చెప్పిన మాట. దానివల్లనే పడ్డాడా? రేస్ వల్ల కూడా కావచ్చు. రెండూ కావచ్చు. ఎవరూ చెప్పలేరు.

కానీ చూశానన్నాను. చూడలేదు.

నవంబర్ 19

అమ్మ చర్చి ఆడవాళ్లతో వాకిట్లో మాట్లాడుతోంది. లోపలికి వినిపిస్తోంది. "దేవుడిచ్చిన కాళ్లను ఆటకు బెట్టిండు నా చిన్నోడు. పెద్దోడు బుద్ధిమంతుడు, ఎన్నడు గట్ల ఎగర్లే."

ప్రభు దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన కొత్తలో వాడి మొహం మీదే అన్నది ఇది. పొగరుకు పోయినవ్ రా అని. వాడు గోడకు తిరిగి పడుకున్నాడు. సునీత వంటింట్లోకి పోయింది. నేను నిలబడే ఉన్నాను.

ఆ తర్వాత అమ్మ నాగర్‌కర్నూల్ పోలేదు. వాడూ రమ్మనలేదు.

నవంబర్ 24

టైర్లు వచ్చాయి. మెత్తని రబ్బరు, రేడియల్. స్వప్న కూడా వచ్చింది, సెలవు పెట్టుకుని.

టైరు పక్కన నాలుగంకెలు చూపించాను. మొదటి రెండు ఏ వారం, తర్వాతి రెండు ఏ ఏడాది. కొత్తదని కొన్న టైరు మూడేళ్ల కింద చేసిందైతే కొత్తది కాదు, రబ్బరు లోపల గట్టిపడిపోతుంది. చక్రం మీద ఎక్కించేటప్పుడు బాణం గుర్తు తిరిగేవైపు ఉండాలి. అన్నీ తన ఫోనులో రాసుకుంది. ప్రశ్న మీద ప్రశ్న.

"గాలి ఎంతనో ఒక్క నంబరు చెప్పరాదన్నా, గదే పెట్టుకుంట."

"ఒక్క నంబరు ఉండదమ్మా. పొద్దున ఒకటి, ఎండల ఒకటి. తోలి రాంగనే గేజి పెట్టాలె. ఆలస్యం చేస్తే చల్లగైతది, అబద్ధం చెప్తది."

నా నోటితో నేనే అన్నాను ఆ మాట.

నవంబర్ 25

కొత్త టైరు మీద మైనంలాంటి జిగురు ఉంటుంది. వంద కిలోమీటర్లు మెల్లగా తోలమన్నాను. అయిజ దాకా పోయి వచ్చిందట రెండుసార్లు. ఫోటో పంపింది – టైరు, దాని పక్కన పత్తి చేను.

నవంబర్ 30, ఆదివారం

అయిజ మార్కెట్ యార్డు. స్వప్న మేనమామ అక్కడ హమాలీ, అడిగి పెట్టాడు. సరుకు లేని రోజు. సిమెంటు నేల, చివరిదాకా ఖాళీ. ఇటుకలు పెట్టి రెండు మలుపులు చేశాం. ఊడ్చాం ముందు – పల్లికాయ పొట్టు చాలు చక్రం జారడానికి.

ప్రభు వీడియో కాల్‌లో. ఫోనును బస్తాకు ఆనించి పెట్టింది స్వప్న.

తిన్నగా ఉన్నంతసేపు బాగా తోలుతుంది. భయం లేదు. మలుపులోకి వంచగానే చెయ్యి వదిలేస్తుంది, రేస్ మొత్తం మూసేస్తుంది. బండి ముందుకు కూలబడినట్టవుతుంది. ఊగుతుంది. మలుపులో రేస్ సన్నగా, నిలకడగా ఉండాలి, అప్పుడే రెండు చక్రాలూ నేలను పట్టుకుంటాయి. అది నాకు తెలుసు. ప్రభుకు నాకన్నా బాగా తెలుసు, తెలిసేది.

ఫోనులోంచి వాడి గొంతు: "మూసెయ్! రేస్ మూసెయ్! గట్లనే!"

ఎనిమిదోసారో తొమ్మిదోసారో ముందు చక్రం మడుచుకుపోయింది. పడిపోయింది. మెల్లగానే. మోచెయ్యి గీరుకుంది.

నీళ్లు పోసి కడుగుతుంటే అన్నది, "ప్రభన్న అంతటోడే రేస్ ఇచ్చి పడ్డడు. నేనెంత అన్నా? చెయ్యి దానంతట అదే వదిలేస్తది."

ఫోనులో ప్రభు మొహం. పరేషాన్ అయిపోయాడు. "దెబ్బ తాకిందా? అన్నా, ఏమైంది? చెప్పవేంది?"

డిసెంబర్ 1

నేను చెప్పని మాట తమ్ముడి నోట పాఠమైంది. ఆ పాఠం ఇప్పుడు ఇంకొకరిని పడేస్తోంది. యార్డులో మోచెయ్యి. ట్రాక్ మీద?

డిసెంబర్ 3

స్వప్నకు ఫోను చేసి చెప్పాను: మలుపులో రేస్ మొత్తం మూయకు. ప్రభు చెప్పినది వేరే బండికి, నీ బండికి కాదు.

ఇంకో అబద్ధం.

"మల్ల ప్రభన్న మూసెయ్ అంటుండు గద? ఎవ్వరి మాట వినాలె నేను?"

గిరాకీ వచ్చిందని పెట్టేశాను. రాలేదు.

డిసెంబర్ 7, ఆదివారం

నాగర్‌కర్నూల్‌కని బయల్దేరి పెబ్బేరు దాకా పోయి వెనక్కి వచ్చాను.

డిసెంబర్ 14, ఆదివారం

నాగర్‌కర్నూల్ పోయాను. సునీత ఇంట్లోనే ఉంది. ముగ్గురం కూర్చుని చాయ్ తాగాం. క్రిస్మస్‌కు గద్వాల వస్తామంది, ప్రభును కారులో ఎక్కించడం ఇప్పుడు సులువేనంది. "అమ్మ రమ్మంటదా?" అన్నాడు ప్రభు, నవ్వుతూనే.

చెప్పలేదు. సునీత ఉంది కదా అని. సునీత లేకపోయినా ఇంకేదో దొరికేది.

డిసెంబర్ 21, ఆదివారం

చెప్పాను.

సునీత డ్యూటీలో. వాడు మిక్సీ మోటారు బిగిస్తున్నాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో దారిపొడుగునా అనుకున్నది ఒక్క మాట కూడా రాలేదు.

"ప్రభూ... నువ్వు పడ్డది నీ రేస్ వల్ల కాదు గావచ్చు."

"మల్ల?"

"వెనక టైరుల గాలి తగ్గియ్యలే నేను. ఆ పొద్దు. ముందుది తగ్గించి లేసిన. మర్చిపోయిన."

స్క్రూ బిగిస్తూనే ఉన్నాడు.

"నేను అడిగిన గదన్నా. జారుతుంది, చూడు అన్న. చూసిన అన్నవ్."

"చూసిన అన్న. గని చూడలే."

"చూడలే."

"ఏలితోటి ఒత్తిన. గేజి పెట్టలే."

స్క్రూ బిగిసింది. అయినా తిప్పుతూనే ఉన్నాడు, అది తిరగదు.

"ఎంతుండె?"

"ఇంటికి తెచ్చినంక పెట్టిన. ముప్పై ఒకటి."

"సల్లగున్నప్పుడా?"

"ఔ."

పెదాలు కదిలాయి. లెక్కేసుకుంటున్నాడు. వాడికీ నాన్నే నేర్పాడు ఆ లెక్క. "అంటే ఆడ ముప్పై ఆరు గావచ్చు" అన్నాడు. కోపం లేదు గొంతులో. మిక్సీ గురించి మాట్లాడినట్టే.

నేను ఏదో అనబోయాను. తప్పయింది రా అనో ఏదో.

"ఏడాదిన్నర సంది రోజు చూసిన అన్నా ఆ వీడియో. రోజు. నా చెయ్యి దిక్కే చూసిన. చక్రం దిక్కు నా సోయి ఒక్కనాడు పోలే."

"ప్రభూ..."

"పో అన్నా ఇప్పుడు. సునీత వచ్చే యాల్లయింది. పో."

లేచాను. చెక్క వాలు మీద దిగుతుంటే కాలు జారబోయింది. లోపల స్క్రూడ్రైవరు పడ్డ చప్పుడు. పడిందో, విసిరాడో.

డిసెంబర్ 22

చెబితే బరువు దిగుతుందంటారు. ఎవరంటారో.

ఇన్నాళ్లూ నా ఒక్కడి దగ్గర ఉంది. ఇప్పుడు వాడి దగ్గర కూడా ఉంది. అంతే తేడా.

డిసెంబర్ 23

ప్రభు ఫోను ఎత్తడం లేదు.

డిసెంబర్ 24

సునీత ఫోను చేసింది. "నాకు చెప్పిండు బావా." వార్డులోంచి మాట్లాడుతోంది, వెనక ఎవరిదో బిడ్డ ఏడుస్తోంది. "నేనేమనను. అనుడు మొదలుబెడితే ఆపుకోలేను. రేపు మేము వస్తలేము. అమ్మకు ఏం చెప్పుకుంటవో చెప్పుకో."

అమ్మకు ఏం చెప్పాను? ప్రభుకు జ్వరం అన్నాను.

డిసెంబర్ 25

చర్చి. అమ్మ కొత్త చీర కట్టింది. కేకు కోసి చిన్నోడి వాటా అని ఒక ముక్క డబ్బాలో పెట్టింది. "జ్వరం తగ్గినంక ఇచ్చిరా. ఎంత పొగరున్నా నా కొడుకే గద."

డిసెంబర్ 29

డబ్బా అట్లాగే ఉంది ఫ్రిజ్‌లో.

జనవరి 2

స్వప్న వచ్చింది, బ్రేకు చూపించడానికి. షాపులో జనం లేరు. తనకూ చెప్పాను. మొత్తం. వేరే బండి కథ అబద్ధమని కూడా.

వింటూ నిలబడింది. బూటు కొనతో నేల మీద నూనె మరకను రాస్తూ.

"మా పనిలగూడ గిట్లనే అన్నా" అన్నది చివరికి. "కరెంటు బందుందా అని కిందోన్ని అడుగుతం. బందుంది ఎక్కు అంటడు. ఆ మాట మీదనే ఎక్కుతం." నూనె మరక మీంచి బూటు తీసింది. "మల్ల నువ్వు వస్తవా ట్రాక్‌కు? రావా?"

"నీ ఇష్టం."

"నాకు తెల్వదు. ఆలోచించి చెప్త."

జనవరి 5

రమ్మంది. రెండే మాటలు మెసేజ్‌లో: "రా అన్నా."

జనవరి 9

బయల్దేరాం. బండి వ్యానులో. స్వప్న, వాళ్ల మేనమామ, నేను. మేనమామకు ఏమీ తెలియదు. కర్నూలు దాటేదాకా యార్డులో పల్లికాయ గురించి చెబుతూనే ఉన్నాడు. మంచి మనిషి.

బండి ఈసారి రోడ్డు మీద తోలలేదు. వ్యానులోనే గేటు దాకా.

జనవరి 10, శనివారం

అదే షెడ్లు. అదే సిమెంటు నేల. మేం అప్పుడు పెట్టుకున్న చోటు ఇంకెవరిదో. అటు చూడకుండా నడిచాను, చూశాను కూడా.

పొద్దున చలి. పెట్టె తెరిచి గేజి తీశాను. వెనక చక్రం దగ్గర కూర్చున్నాను. ముందు వెనకది, అనుకున్నాను.

స్వప్న వచ్చి పక్కన కూర్చుంది. చెయ్యి చాచింది.

"గేజి నాకియ్యన్నా."

ఇచ్చాను.

"ఏమనుకోకు. నిన్న సాయంత్రం ప్రభన్న ఫోను చేసిండు. గేజి నువ్వే పట్టుకో, నువ్వే చూడు, ఎవ్వరి నోటిమాట నమ్మకు అన్నడు. మా అన్నదైనా సరే అన్నడు."

ఏమనుకుంటాను. సరిగ్గానే అన్నాడు.

"ఇంకోటి గూడ అన్నడు. రేస్ సంగతి నేను చెప్పింది తప్పు, మర్చిపో. మలుపుల సన్నగ పట్టుకో, వదలకు అన్నడు."

తనే పెట్టింది. వెనక ఇరవై ఆరు. ముందు ఇరవై ఐదు. వాల్వు టోపీలు తనే బిగించింది. నేను టవల్ పట్టుకొని నిలబడ్డాను.

మొదటి రెండు రౌండ్లు మెల్లగా, టైర్లు వేడెక్కేదాకా. తర్వాత... మూడో మలుపు షెడ్డు దగ్గరినుంచి కనిపిస్తుంది. నేను అప్పుడు చూడనిది ఇప్పుడు ప్రతిసారీ చూశాను. కళ్లు మూయలేదు. వంచింది, పట్టుకుంది, చెయ్యి వదల్లేదు, బయటికి వచ్చింది. మళ్లీ. మళ్లీ.

రాగానే హెల్మెట్ తీయకముందే గేజి అడిగింది. వెనక ముప్పై ఒకటి.

అప్పుడు షాపులో చూసిన అదే అంకె. కానీ ఇది వేడి మీద ముప్పై ఒకటి. సరిగ్గా ఉండాల్సిన దానికన్నా ఒకటి ఎక్కువ, అంతే. ఒక్కటి తీసింది. స్ స్ మని.

"మంచిగుందా అన్నా?"

"చూసినవ్ గద. నువ్వే చెప్పు."

"మంచిగుంది."

టైరు అంచుల్లో రబ్బరు చిన్న చిన్న గింజలుగా లేచింది. వెంట్రుకలు ఊడిపోయాయి. బాగా పని చేసిన టైరు ఇట్లా ఉంటుంది. చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. బతికున్నదాని ఒళ్లులా.

జనవరి 11

సాయంత్రం దాకా తోలింది. పడలేదు. మేనమామ ఏడ్చాడు సంతోషంతో. నాకూ కళ్లనిండా నీళ్లు. ఆయన నా భుజం తట్టాడు, అదే సంతోషమనుకుని.

వెళ్లేటప్పుడు ప్రభుకు వీడియో కాల్ చేసింది. నేను దూరంగా, వ్యాను తాళ్లు బిగిస్తూ. వాడి నవ్వు వినిపించింది. ఎన్నాళ్లకు విన్నాను. "దాసన్న ఈడనే ఉన్నడు, ఫోను ఇయ్యాల్నా?" అంది. తను ఫోను జేబులో పెట్టుకుంది. నా వైపు చూడలేదు.

జనవరి 13

షాపు. రెండు పంచర్లు, ఒక ట్రాక్టరు టైరు. గాలి పట్టించుకోవడానికి వచ్చినవాడు "ఒత్తి చూడన్నా, సాలు" అన్నాడు. గేజి పెట్టాను. "గంత చాదస్తమేంది?" అన్నాడు.

జనవరి 19

సునీత ఫోను చేసింది. ప్రభు అన్నం సరిగ్గా తింటున్నాడట. ఆ వీడియో తీసేశాడట ఫోనులోంచి. వర్క్‌షాపు మళ్లీ పెట్టాలని మాట్లాడుతున్నాడట, నాగర్‌కర్నూల్‌లోనే, కుర్చీకి సరిపడే ఎత్తులో బల్లలు.

నన్ను రానిస్తాడా అని అడిగాను.

"తెల్వదు బావా. కోపం ఉన్నట్టు లేడు. లేనట్టు గూడ లేడు. నీ పేరు తీస్తలేడు. నిన్న మాత్రం ఒక్కటి అడగమన్నడు నిన్ను."

"ఏంది?"

"అమ్మకు చెప్పినవా అని."

జనవరి 20

వాడు కాళ్లు అడగలేదు. క్షమాపణ అడగలేదు. అది ఒక్కటే అడిగాడు. పొగరుబోతు అన్న పేరు ఏడాదిన్నర మోశాడు, ఇంట్లో, చర్చిలో, చుట్టాల్లో. బుద్ధిమంతుడి పేరు నేను మోశాను.

జనవరి 22

పొద్దున చెబుదామనుకున్నాను. అమ్మ బీపీ గోళీ వేసుకున్నాక. వేసుకుంది. తల దువ్వుకుంది. "ఏంది దాసు, గట్ల చూస్తవ్?" అంది. ఏం లేదన్నాను.

డెబ్బై దాటింది. ఈ ఇంట్లో ఇద్దరమే. నేను తప్ప ఎవరూ లేరు ఆమె చెయ్యి పట్టుకోవడానికి. ఇది సాకు. సాకే అయినా నిజం కూడా.

జనవరి 25, ఆదివారం

చర్చి నుంచి వచ్చాం. ఎండ వాకిట్లో సగం దాకా వచ్చింది. అమ్మ చేటలో కందులు చెరుగుతోంది. కిటికీలోంచి కనిపిస్తోంది – చేట ఎగరేస్తోంది, ఊదుతోంది, రాళ్లు ఏరి పక్కన పెడుతోంది. చిన్నోడికి కంది పప్పంటే ప్రాణమని, ఈసారి రెండు కిలోలు పంపుదామని పొద్దున్నుంచి అంటోంది. "నేనే పోయి ఇచ్చొస్త అనుకుంటున్న. నువ్వు తోల్కపోతవా? కోపం జేసుకొని ఎన్ని దినాలుంటం, వాడు తప్పు తెల్సుకున్నడు గద."

వాడు తప్పు తెలుసుకున్నాడట.

ఇది రాసి లేచి పోవాలి. ఆమె పక్కన కూర్చోవాలి. ఆ మే నెల పొద్దు నుంచి మొదలుపెట్టాలి – పానా, గేజి, నాలుగు అడుగులు. ఆమెకు గాలి లెక్క అర్థం కావాల్సిన పని లేదు. ఒకటే అర్థమైతే చాలు. వాడు అడిగాడు, నేను చూడలేదు.

చేట చప్పుడు ఆగింది.

"దాసూ! ఓ దాసూ! ఏం జేస్తున్నవ్ లోపల? జర ఇటు రా బిడ్డా."

వస్తున్నానమ్మా అన్నాను. పిలిచి చాలాసేపైంది. ఇంకా రాస్తూనే ఉన్నాను.